చటకము వేరు, చాతకము వేరు

తెలుగు పండితుడిగా పనిచేసినన్నాళ్లూ పిల్లల జవాబు పత్రాలలో నాకు తరచు ఎదురైన తప్పు ఒకటుంది. చటకమని వ్రాయవలసిన చోట చాతకమని వ్రాసేవారు. దీర్ఘమొకటి పెరిగి, టకారం తకారమయ్యేసరికి పిట్టే మారిపోతుంది. చాతకం వానచినుకు కోసం నోరు తెరచుకొని ఎదురుచూస్తుందని కవులు వర్ణించిన పక్షి. నెత్తిన జుట్టుతో, నలుపు తెలుపు వన్నెలతో తొలకరి వెంట వచ్చే కోకిల జాతిది. చటకం మన ఇంటి చూరులో కాపురముండే పిచ్చుక.

అమరసింహుడు ఈ చిన్న ప్రాణిని ఎంత ఆదరంగా చూశాడో గమనించండి. చటకము, కలవింకము అని రెండు పేర్లు చెప్పి ఊరుకోలేదు. ఆడదానికి చటక అనీ, మగపిల్లకు చాటకైరమనీ వేరుగా చెప్పాడు. ఆడపిల్లకు మాత్రం తల్లి పేరే. చిత్రమేమంటే, గూడు విడిచిన కొత్తలో పిల్లలు ఆడవైనా మగవైనా చూడడానికి తల్లిలాగే ఉంటాయి.

మనకిప్పుడు అంత ఓపిక లేదు. గోధుమరంగులో ఉన్న చిన్నపిట్ట ఏదైనా పిచ్చుకే! సంక్రాంతికి వచ్చిన మా మనవరాలు కోత కోసిన మడిలో వాలిన గుంపును చూసి “తాతయ్యా, పిచ్చుకలు!” అని గంతులు వేసింది. అవి గిజిగాళ్లు. వానాకాలంలో పసుపు పూసుకున్నట్టుండే మగ గిజిగాడు చలికాలంలో ఆ వన్నె వదిలి ఆడపిచ్చుకలా కనబడతాడు. ముక్కు మరింత దిట్టంగా, తోక పొట్టిగా ఉండడం చూసి పోల్చుకోవాలి.

ఊరపిచ్చుకలో మగదానికి నడినెత్తి బూడిదరంగు. కంటి వెనుకనుండి మెడదాకా ఇటుకరంగు పట్టీ. గొంతు మీద నల్లని మచ్చ. ఆడదానికి ఆ మచ్చ లేదు. కంటి వెనుక లేతరంగు గీత, గీతలు లేని మాసిన తెలుపు రొమ్ము దాని ఆనవాళ్లు. మన తూర్పు కనుమలలో దీని దాయాది ఒకటున్నది. దాని నడినెత్తి ఇటుకరంగు, తెల్లని చెక్కిలి నడుమ నల్లని చుక్క. అందులో ఆడామగా ఒక్కలాగే ఉంటాయి.

మగపిచ్చుక గొంతు మచ్చలో ఒక వింత ఉన్నది. ఈకలు రాలి కొత్తవి వచ్చినప్పుడు వాటి కొసలు లేతరంగులో ఉండి నలుపును కప్పివేస్తాయి. రోజులు గడిచేకొద్దీ ఆ కొసలు అరిగి, గూడు కట్టే వేళకు నలుపు నిండుగా బయటపడుతుంది. మన బట్టలు కట్టగా కట్టగా వెలుస్తాయి. పిచ్చుక ఈక అరిగిన కొద్దీ వన్నె తేలుతుంది.

ఇది గింజలు తినే పిట్టే. కాని పిల్లలకు మొదటి రోజుల్లో పెట్టేది ఎక్కువగా పురుగులనే. ఇది తెలియకనే 1958లో చైనాలో ఎలుక, ఈగ, దోమలతోపాటు పిచ్చుకనూ శత్రువుల పట్టికలో చేర్చి లక్షలాదిగా చంపారు. అక్కడ ఎక్కువగా బలైనది ఆ చెక్కిలిచుక్క పిచ్చుకే. తీరా పైరు మీద పురుగు పెచ్చరిల్లాక, 1960లో పిచ్చుకను తీసివేసి నల్లిని చేర్చారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమన్న మన సామెతకు ఇంతకన్న పెద్ద దృష్టాంతం నాకు తోచదు. అస్త్రం తిరిగి వేసినవారికే తగిలింది.

“పిచ్చుకలు అంతరించాయి, సెల్‌ఫోన్ టవర్లే చంపాయి” అని మనవైపు వాపోయేవారున్నారు. దుఃఖాన్ని కూడా సరిగా పోల్చుకోవాలి. 2020లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద ఊరపిచ్చుకల సంఖ్య పాతికేళ్లుగా దాదాపు నిలకడగానే ఉన్నది. తగ్గినది హైదరాబాదు వంటి మహానగరాలలో. టవర్లే కారణమనడానికి గట్టి ఆధారం లేదని కూడా ఆ నివేదికే చెప్పింది. పిల్లల నోటికి పురుగూ, గూటికి సందూ దొరకని చోట పిచ్చుక నిలువదు.

మా వీధిలో పెంకుటిళ్లు పోయి డాబాలు లేచాయి. వసారాలో వరికంకుల కుచ్చు వ్రేలాడదీసే ఇళ్లు రెండో మూడో మిగిలాయి, వాటిలో మాదొకటి. దానిని పడగొట్టి కొత్తది కట్టిద్దామని మా అబ్బాయి ప్లాను గీయించి తెచ్చాడు. పడకగదులు చాలునా అని అతడు అడుగుతున్నాడు. గోడలో పిచ్చుకకు చోటేదని నేను అడుగుతున్నాను. చూరు క్రింద నాలుగు ఇటుకల ఖాళీ వదలడానికి మేస్త్రి ఒప్పుకున్నాడు. అబ్బాయి ఇంకా ఆలోచిస్తున్నాడు. పిట్ట పోయి పేరు మాత్రం నిఘంటువులో మిగిలితే, మనవరాలికి ఎంత వివరంగా ప్రతిపదార్థం చెప్పినా ఆ కిచకిచ వినిపించలేను కదా!

చదువరులారా, మీ ఇంటి చుట్టూ వాలేది చటకమో గిజిగాడో ఒకసారి గొంతూ చెక్కిలీ చూసి చెప్పండి. మీ ప్రాంతంలో దానిని ఏమని పిలుస్తారో కూడా వ్రాస్తే సంతోషిస్తాను.