ఆ చెవికి అజాన్ వినిపించిందా?

మన ఇళ్లల్లో బిడ్డ పుట్టగానే కుడి చెవిలో అజాన్, ఎడమ చెవిలో ఇఖామత్ చెబుతారు. దునియాలోకి వచ్చిన బిడ్డ మొదట వినేది అల్లాహ్ పేరే కావాలని పెద్దల తపన. ఆ పసిచెవికి అజాన్ నిజంగా వినిపించిందో లేదో చెప్పే పరీక్ష ఒకటుందని మన ఖాందాన్లలో ఎందరికి తెలుసు?

మా ఫుప్పూ మనవడు రెండేళ్లు దాటినా "అమ్మీ" అనలేదు. తలుపు దబ్బున వేస్తే మాత్రం ఉలిక్కిపడేవాడు. "చూశారా, వినిపిస్తోంది" అనుకున్నారంతా. వాడికి తెలిసింది నేల అదురు. "వీడి అబ్బా కూడా లేటుగానే మాట్లాడాడు, ఫికర్ ఎందుకు" అంది ఫుప్పూ. దర్గాకు తీసుకెళ్లారు. తావీజు కట్టించారు. దమ్ చేసిన నీళ్లు తాగించారు. చివరికి వాళ్లమ్మ జిద్దు పట్టి చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. బెరా పరీక్షలో రెండు చెవులూ దాదాపు వినవని తేలింది. అప్పటికి మూడో ఏడు నడుస్తోంది.

ఆ రోజు నుంచి మాటలన్నీ కోడలి మీదే. గ్రహణం పూట బయట తిరిగిందని ఒకరు, నజర్ తగిలిందని ఇంకొకరు. ఆ కోడలు పరాయిది కాదు, మా చిచ్చా బిడ్డే. మేనరికం రిష్తా.

పుట్టు చెవుడులో సగానికి పైగా జన్యువుల వల్ల వస్తుంది. అందులో ఎక్కువసార్లు కనిపించేది కనెక్సిన్ 26 అనే ప్రొటీన్‌ను తయారు చేసే జన్యువులో లోపం. దీన్ని 1997లో కనిపెట్టారు. సాధారణంగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, లోపమున్న రెండు ప్రతులూ కలిస్తేనే బిడ్డకు చెవుడొస్తుంది. ఒక్క ప్రతి మాత్రమే ఉన్న అమ్మానాన్నలకు బాగానే వినిపిస్తుంది. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఒకే ఖాందాన్‌లో నికాహ్ అయితే ఆ రెండు ప్రతులూ కలిసే వీలు పెరుగుతుంది. అంటే తల్లిని ఒక్కదాన్నే నిందించడం జుల్మ్. మేనరికం హలాలే, కానీ ఫర్జ్ కాదు కదా!

అన్నీ ఖాందాన్ నుంచే రావు. పిల్లల్లో వినికిడి లోపాల్లో 60 శాతం నివారించగలిగేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. గర్భంలో ఉండగా తల్లికి రుబెల్లా సోకడం, బిడ్డకు కామెర్లు ముదరడం, మెదడువాపు, చీము కారే చెవిని పట్టించుకోకపోవడం. అందుకే తట్టు–రుబెల్లా టీకా మానొద్దు. చీము కారే చెవిలో కాచిన నూనె పోయొద్దు.

ఇక ఆ పరీక్ష సంగతి. పేరు ఓఏఈ. సూది లేదు, నొప్పి లేదు. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న బిరడా పెట్టి సన్నటి శబ్దాలు పంపుతారు. లోపలి చెవి బాగుంటే అది కూడా సన్నగా బదులు పలుకుతుంది! 1978లో డేవిడ్ కెంప్ కనిపెట్టిన సంగతి ఇది. డాక్టర్లు చెప్పే లెక్క 1–3–6: ఒక నెలలోపు ఈ పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు ఇలాజ్. పసితనంలో శబ్దం అందని మెదడు, తర్వాత అందినా మాటగా మలచుకోలేక అవస్థ పడుతుంది.

కొందరికి చెవి మిషన్ సరిపోతుంది. తీవ్రమైతే కాక్లియర్ ఇంప్లాంట్. చిన్నపిల్లలకు ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్ ఉంది, కాకపోతే వయసు పరిమితి దాటకూడదు. మన హైదరాబాదీ అలీ యావర్ జంగ్ పేరిట 1983లో ముంబయిలో పెట్టిన జాతీయ వినికిడి సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడికి వెళ్లి అడగండి.

ఆపరేషన్‌తో పని అయిపోదు, ఏళ్ల తరబడి మాటల శిక్షణ కావాలి. మా వాడికి శిక్షణ తెలుగులో, ఇంట్లో ఉర్దూ. ఏ భాష నేర్పాలని మా చెల్లి పరేషాన్ అయింది. "మీరు జోల పాడే భాషలోనే మాట్లాడండమ్మా" అంది శిక్షకురాలు. ఇప్పుడు ఆరేళ్లు. "పానీ", "నానీ", "నై" అంటాడు. పూర్తి వాక్యం ఇంకా రాలేదు. ఆరు నెలలకే తెలిసి ఉంటే ఈపాటికి బడిలో గోల చేస్తుండేవాడేమో.

దువా చేయండి, దవా కూడా చేయండి. ఒంటెను కట్టేశాకే తవక్కుల్ అన్నది మనకు తెలిసిన మాటే. బిడ్డ పుట్టిన ఏడో రోజు అఖీఖా ఖర్చు రాసుకుంటాం కదా, ఆ కాగితంలోనే చెవి పరీక్షనూ రాసుకోండి బహెన్.