బౌండరీ సంగతి టాస్‌కు ముందే

లండన్‌లోని మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్ 1788 నుంచి తన పేరిట వెలువరిస్తూ వస్తున్న క్రికెట్ నియమావళి చాలా విషయాలలో షావుకారు చిట్టా అంత నిక్కచ్చిగా ఉంటుంది. రెండు వికెట్ల నడుమ దూరం 22 గజాలు, అంటే 20.12 మీటర్లు, స్టంపు ఎత్తు 28 అంగుళాలు, బంతి బరువు సుమారు 156 గ్రాములకు తగ్గకూడదు, 163కు మించకూడదు. ఇంత కొలిచిన ఆ నియమావళి మైదానం ఎంత ఉండాలన్న దగ్గర మాత్రం కొలత చెప్పదు. బౌండరీ, అంటే బంతి దాటితే నాలుగో ఆరో పరుగులు వచ్చే హద్దు, ఎక్కడో టాస్‌కు ముందే తేల్చుకొమ్మని ఊరుకుంటుంది. బీదర్ జిల్లా ఔరాద్ తాలూకాలోని సంతపూర్ వంటి ఊళ్ళ ఆట తీరు తెలియాలంటే ఈ ఒక్క వెసులుబాటును పట్టుకుంటే చాలు. అక్కడి కుర్రాళ్ళు బౌండరీనే కాదు, ఆటలో ముప్పాతిక వంతును టాస్‌కు ముందే మాట్లాడుకుంటారు.

ఆ తాలూకా నేల చాలావరకు నల్లరేగడి, వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు విచ్చే జాతి. సోయా, పెసర, మినుము, కంది, జొన్న, శనగ పండే ఆ చేలలో ఆటకు రుతువును నిర్ణయించేది క్రికెట్ బోర్డు కాదు, పంట. కంది కోసి కట్టె ఇంటికి చేరాక, మళ్ళీ దుక్కి మొదలయ్యేలోగా ఆ చేనే మైదానం. పెద్ద స్టేడియాలలో కూడా బంకపాలు ఎక్కువగా ఉన్న ఇలాంటి మట్టినే పరిచి, తడిపి, బరువైన రోలరుతో అణచి పిచ్ తయారు చేస్తారు. ఊళ్ళో రోలరు ఉండదు కాబట్టి కొయ్యకాళ్ళను చేత్తో పీకి, గడ్డలను కాళ్ళతో తొక్కి, బిందెడు నీళ్ళు చల్లి సరిపెట్టుకుంటారు. బంతి బంతికీ బ్యాట్స్‌మన్ రెండడుగులు ముందుకొచ్చి బ్యాటుతో నేలను తట్టడం చూసినవారికి టీవీ అనుకరణలా తోచవచ్చు గాని, అతడు నిజంగానే ఒక నెర్రెను పూడుస్తుంటాడు. పూడ్చకపోతే తరువాతి బంతి ఏ పక్కకు తిరుగుతుందో వేసినవాడికే తెలియదు.

చేను మధ్య వేపచెట్టు ఉంటే దానికి తగిలిన బంతికి ఎన్ని పరుగులో ముందే ఒప్పందం జరగాలి. దీన్ని పల్లెటూరి చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు, ఇంగ్లండులోని కాంటర్‌బరీ మైదానంలో 2005లో గాలివానకు కూలిపోయేదాకా బౌండరీ లోపల ఒక చెట్టు ఉండేది, దానికి తగిలిన బంతికి నాలుగు పరుగులు ఇచ్చేవారు. మూడు బంతులకే ముగిసే ‘బేబీ ఓవర్’ కూడా శాస్త్రవిరుద్ధం కాదు. ఇంగ్లండులోనే 1889కి ముందు ఓవరుకు నాలుగు బంతులు, తరువాత అయిదు, 1900 నుంచే ఆరు. ‘ఒక టప్పా’ పద్ధతి, అంటే ఒక్కసారి నేలను తాకి లేచిన బంతిని ఒంటిచేత్తో పట్టినా అవుటే అనడం, ఆటగాళ్ళు తక్కువైన రోజు పుట్టుకొస్తుంది. బేసి మనిషి మిగిలితే అతడు రెండు పక్షాలకూ బ్యాటింగు చేస్తాడు. ఎవరి పెరట్లోనైనా బంతి పడితే ఆరు పరుగులు రాకపోగా కొట్టినవాడే అవుట్, తెచ్చే పూచీ కూడా అతడిదే.

వీటన్నిటికన్నా ఆలోచించదగినది అంపైరింగ్. తటస్థుడైన మనిషి దొరకడు గనుక బ్యాటింగు చేసే పక్షంలో తన వంతు కోసం కూర్చున్నవాడే అంపైరుగా నిలబడతాడు. న్యాయశాస్త్రం ప్రకారం ఇంతకన్నా అన్యాయం ఉండదు. అయినా ఆ ఏర్పాటు నిలుస్తుంది, ఎందుకంటే గంట గడిస్తే ఎదుటి పక్షం మనిషి అదే చోట నిలబడతాడని ఇద్దరికీ ఎరుకే. ఆ నమ్మకం మోయలేని బరువు ఒక్కటే, ఎల్‌బీడబ్ల్యూ, అంటే వికెట్లకు తగలవలసిన బంతికి కాలు అడ్డుపడితే అవుట్ ఇవ్వడం. దాన్ని ఊరి ఆట ఎత్తి పక్కన పెట్టింది. ఆ నియమం 1774లో గాని పుట్టలేదు కాబట్టి, ఈ ఒక్క విషయంలో సంతపూర్ చేను అంతకు ముందటి ఇంగ్లండుతో సమానం అనుకోవచ్చు.

బంతి టెన్నిస్ బంతి. బరువు అరవై గ్రాములలోపు గనుక ప్యాడ్లు, హెల్మెట్ అక్కర్లేదు, అంటే ఆటకు పెట్టుబడి అక్కర్లేదు. హైదరాబాదులో ఆటో డ్రైవరు కొడుకైన మహమ్మద్ సిరాజ్ ఆ బంతితోనే ఎదిగి, 2015లో రంజీ జట్టులో చేరి, 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్‌లో 21 పరుగులకు ఆరు వికెట్లు తీసి శ్రీలంకను 50కే కూల్చాడు. ఇలాంటి కథను ఆశగా చూపడం పత్రికలకు అలవాటు. చేలో ఆడేవారిలో అధికులు అటువంటి ఆశతో ఆడరు, సాయంకాలం ఆడదగిన ఆట గనుక ఆడతారు.

అభిమానానికి వచ్చేసరికి సంతపూర్ పరిస్థితి చిక్కైనది. 1956 నవంబరు 1 వరకు బీదర్ హైదరాబాదు రాష్ట్రంలో భాగం. ఆనాడు జిల్లాలోని జహీరాబాదు, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌కు, ఉద్గీర్ బొంబాయి రాష్ట్రానికి పోగా బీదర్, ఔరాద్ మైసూరుకు దక్కాయి. 1937-38లో ఎదుల్జీ ఐబరా అజేయంగా చేసిన 137 పరుగుల బలంతో నవానగర్‌పై ఒక్క వికెట్ తేడాతో హైదరాబాదు రంజీ ట్రోఫీ గెలిచినప్పుడు ఆ గెలుపు బీదర్‌ది కూడా. నేడు జిల్లా కర్ణాటక క్రికెట్ సంఘంలోని రాయచూరు మండలానికి చెందుతుంది. బీదర్ నుంచి హైదరాబాదు సుమారు 140 కిలోమీటర్లు, బెంగళూరు దాదాపు 700. కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు వినిపించే ఆ నేలపై 2016 మే 29న ఐపీఎల్ ఫైనల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ బెంగళూరు జట్టును దాని సొంత మైదానంలోనే ఎనిమిది పరుగులతో ఓడించినప్పుడు ఎవరు ఎవరి పక్షమో పటం చూసి చెప్పడం కుదరని పని.

అయితే పక్షం ఏదైనా, నెర్రెల నేలపై ఆడినవాడి చూపు వేరు. 2001లో కోల్‌కతాలో ఆస్ట్రేలియాపై 281 పరుగులు చేసిన వి.వి.ఎస్. లక్ష్మణ్, లెగ్ స్టంపు వెలుపల చెదిరిన మట్టిలో పడి తిరుగుతున్న షేన్ వార్న్ బంతులను ముందుకొచ్చి ఆఫ్ వైపుకు కొట్టడంలోని సాహసాన్ని అంకెలు చదివేవాడు మెచ్చుకుంటాడు. అటువంటి బంతికి పదే పదే బోల్తాపడినవాడు దాన్ని ఒళ్ళంతా గుర్తుపడతాడు.

ఈ ఆటకు ఒక లోటు ఉంది, దాన్ని దాచడం తగదు. 2025 నవంబరు 2న ప్రపంచ కప్ గెలిచిన భారత మహిళల జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి స్పిన్ వేసింది, స్మృతి మంధాన కవర్ డ్రైవ్‌ను మెచ్చని కుర్రాడు ఉండడు. కాని జట్లు పంచుకునేటప్పుడు, మనిషి తక్కువై ఒక టప్పాకు దిగవలసి వచ్చినప్పుడు సైతం, గట్టు మీద నిలబడ్డ చెల్లెల్ని రమ్మనడం సాధారణంగా ఎవరికీ తోచదు. చెట్టుకు, పెరటికి, బేసి మనిషికి నియమం కల్పించుకున్నవారు దీనికి మాత్రం ఇంకా కల్పించుకోలేదు.