దిబ్బకి పెట్టిన పేరు

కృష్ణా డెల్టాలో బౌద్ధ స్తూపాల శిథిలాలని జనం లంజదిబ్బ అన్నారు. భట్టిప్రోలులోనూ అదే పేరు, గుడివాడలోనూ అదే. 19వ శతాబ్దపు పురావస్తు నివేదికల్లోకి కూడా ఆ మాట అలాగే ఎక్కింది. స్తూపాల గురించి రాసేవాళ్లం ఆ పేరు దగ్గర కాస్త ఇబ్బందిపడి ముందుకెళ్లిపోతాం. నాకు మాత్రం అక్కడ ఆగాలనిపించింది.

మా కొండపల్లి నుంచి భట్టిప్రోలు ఎంతో దూరం కాదు. బెజవాడ మీదుగా తెనాలి, అక్కణ్ణించి రేపల్లె రైలు. అక్కడ ఇప్పుడు మిగిలింది గుండ్రటి ఇటుకల కట్టు. పైభాగాన్ని 19వ శతాబ్దంలోనే రోడ్లకీ కాలువ పనులకీ తవ్వుకుపోయారు. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వినప్పుడు లోపల ధాతువులున్న రాతి కరండాలు బయటపడ్డాయి. వాటిమీద బ్రాహ్మీలో రాతలున్నాయి, క్రీస్తుకు పూర్వపువి. అందులోని కుబీరక రాజు పేరు మన చరిత్ర పుస్తకాల్లోకి చేరింది. వాటితోపాటే ఒక స్ఫటికం కూడా దొరికింది. దానిమీద ఉన్నది నందపురం స్త్రీలూ, శ్రామణేరులూ ఇచ్చిన దానం అని. ఆ స్త్రీలు ఎవరి భార్యలో, ఎవరి కూతుళ్లో అందులో లేదు. ఊరి పేరు చాలనుకున్నారు.

క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు అశ్వమేధం చేస్తే, నాగార్జునకొండ మహాచైత్యానికి దానాలిచ్చినవాళ్లలో ముందున్నది అతని సోదరి చాంతిసిరి. రాజకుటుంబం కాని బోధిసిరి అనే ఉపాసిక అక్కడే చైత్యగృహం కట్టించింది. కంటకసెలలో, అంటే ఇప్పటి ఘంటసాలలో, మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం కట్టించింది. తను కట్టించినవన్నీ వరసగా శాసనంలో చెక్కించింది.

దీన్నంతా మనం స్త్రీల భక్తి అనేస్తాం. ఇవ్వాలంటే ముందు తనదంటూ ఏదో ఉండాలి కదా! అది ఇవ్వడానికి తన మాట చెల్లాలి. భక్తి అన్నాక ఆ రెండు విషయాలూ ఎవరూ అడగరు.

మా ఇంటి మేడ అమ్మ పుట్టింటి గాజులమ్మి కట్టింది. గుమ్మం పక్కన పాలరాతి పలక మీద తాతయ్య పేరూ, నాన్న పేరూ ఉన్నాయి. బంధువులు అమ్మది త్యాగం అంటారు. త్యాగమన్నాక ఇక లెక్క లేదు, పలకమీద చోటూ లేదు.

ఇల్లు వదిలిన భిక్షుణి, తన సొమ్ము తన ఇష్టానికి ఖర్చుపెట్టిన దాత, ఇద్దరూ మగవాడి ఇంటి లెక్కలో ఇమడరు. ఇమడని స్త్రీకి మన భాష ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుంటుంది. ఆ మాట దిబ్బ మీదకి ఏ దారిన చేరినా, నందపురం స్త్రీలు కానుక ఇచ్చిన చోటికే అది తగులుకోవడం నన్ను బాధిస్తుంది.

ఇవాళ మర్యాదగా మహాస్తూపం అంటున్నాం. తిట్టు పోయింది, మంచిదే. దానితోపాటు స్త్రీల ఊసు కూడా పోకూడదు. పాఠంలో కుబీరకుడి పక్కన నందపురం స్త్రీలని చేర్చడానికి ఒక్క వాక్యం చాలు. పాఠాలు రాసే చోట ఇప్పుడు మనవాళ్లు కూడా ఉన్నారు.