డాక్టరమ్మ చెయ్యి

మా నాయనమ్మకి ఆ డాక్టరమ్మ పేరు తెలీదు. చెయ్యి మాత్రం గుర్తు. “ఒట్టి చేత్తో నా నాడి పట్టుకుందిరా” అనేది. మా ఊరి వైద్యుడు మాదిగగూడెమోళ్లకి అరుగు మీంచే పొట్లం విసిరేవాడు. ఇంక నాడేం చూస్తాడు? తొలిచూలు బిడ్డ అడ్డం తిరిగితే తాత ఎడ్లబండిలో గడ్డి పరిచి, ఆవిణ్ణి గుంటూరు సెయింట్ జోసెఫ్ ఆసుపత్రికి తోలాడు. బిడ్డ దక్కలేదు. నాయనమ్మ బతికింది. మా నాయన ఆ తర్వాతి కాన్పు.

పేరు నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. మేరీ గ్లౌరీ. ఆస్ట్రేలియా ఆవిడ. 1910లో మెల్‌బోర్న్‌లో డాక్టరీ పాసైంది. 1920లో గుంటూరొచ్చి జె.ఎం.జె. సిస్టర్లలో కలిసింది. కన్యస్త్రీ వైద్యం చెయ్యాలంటే ఆ రోజుల్లో పోపుగారి అనుమతి కావాల్సొచ్చింది. ఇక్కడి ఆడపిల్లలకే మంత్రసాని పనీ, మందులు కలిపే పనీ నేర్పింది. 1943లో కాథలిక్ ఆసుపత్రుల సంఘం పెట్టింది. 1957లో బెంగుళూరులో కేన్సరుతో పోయింది.

ఆవిడ ముట్టుకుంది, నిజమే. ఆవిడ దేవుణ్ణే కొలిచే మా విచారణ గుడిలో మాత్రం పెద్దకులపోళ్లు ముందు, మేం తలుపు దగ్గర. ఇది నాయనమ్మనడిగితే “గుడి వేరు, ఆయమ్మ వేరు” అనేది. నాకు అలా విడదీయడం ఇప్పటికీ చేతకాదు.

1986లో మంచాన పడ్డాక తెలివి తప్పినా మణికట్టు చాచేది. నేను పట్టుకునేవాణ్ణి. ఎవరనుకునేదో! ఆ చేతిని విచారణ శ్మశానంలో మాకని విడగొట్టిన మూలనే పాతిపెట్టాం.