కీబోర్డునందలి పోర్టు – పెన్ డ్రైవు

ఈ సంవత్సరమున మా పాఠశాల కంప్యూటరు గదిలో విద్యార్థులు నన్ను మాటిమాటికి నడిగిన ప్రశ్న యొకటి కలదు: "మాస్టారూ, మౌసు పనిచేయుచున్న చోటనే పెన్ డ్రైవేల పనిచేయదు?" మా కీబోర్డులలో కొన్నిటికి ప్రక్కన రెండేసి యూఎస్‌బీ పోర్టులున్నవి. సీపీయూ పెట్టె బల్లక్రింద గోడవైపు తిరిగియుండుటచేత, వంగి దాని వెనుకభాగమును తడవుకొనుటకంటె చేతికందు కీబోర్డునందే పెన్ డ్రైవును గ్రుచ్చుట సులభమని పిల్లలు తలంతురు. అప్పుడు, ఈ పరికరము కోరునంత విద్యుత్తు ఇచ్చట లేదను భావముగల హెచ్చరిక తెరమీద వచ్చును. కొన్ని యంత్రములందు హెచ్చరికయు రాదు. "ఇది చచ్చినది" అని తీర్మానించి పిల్లవాడు దానిని మూలకు విసరివేయును. ఆ తీర్మానము తొందరపాటని చూపుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిన సూత్రములలో నొకటి, తెలిసినదానినుండి తెలియనిదానికి బాలుని నడిపింపవలెననుట. మన రెడ్డిగూడెపు మెట్టలో పిల్లలకు తెలిసినది కాలువ. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967లో కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ నల్లగొండ, ఖమ్మము సీమలను తడిపి తుదకు మన మెట్టవైపు వచ్చును. పెద్దకాలువ ప్రక్కన పొలమున్న రైతునకును, మైనరు కాలువ చివర బోదె క్రింద పొలమున్న రైతునకును అందునది ఆ సాగరపు నీరే. కాని యిరువురకును ఒకే కొలత అందదు. చివరి భూమిలో పెసరయో మినుమో చల్లుకొనవచ్చును. వరి నాటినచో పైరు పొట్టకు వచ్చువేళకు నీరు చాలదు. అంతమాత్రమున విత్తనము పుచ్చినదని యే రైతైనను అనునా? కీబోర్డునందలి పోర్టు అట్టి చివరి భూమి.

ఇక లెక్కకు వత్తము. యూఎస్‌బీ యను ఏర్పాటు 1996లో వెలువడినది. దానిని రూపొందించిన వారిలో ముఖ్యులగు అజయ్ భట్ గారు వడోదరలో చదువుకొని ఇంటెల్ సంస్థలో పనిచేసిన భారతీయ సంతతివారనుట మన బాలురు తెలిసికొనదగిన విషయము. 2000లో వచ్చిన రెండవ కూర్పు ప్రకారము 5 వోల్టుల విద్యుత్తును 100 మిల్లీఆంపియర్ల చొప్పున భాగములుగా లెక్కింతురు. సీపీయూకు గల పోర్టు అట్టి భాగములైదు, అనగా 500 మిల్లీఆంపియర్లు, ఇయ్యగలదు. కీబోర్డు లోపల నుండునది చిన్న హబ్బు. దానికి వేరే విద్యుత్తు లేదు. ఒక్క తీగగుండా వచ్చిన 500లోనే అది తాను వాడుకొని, తన పోర్టులకును పంచవలెను. కావున ఆ పోర్టులలో ఒక్కొక్కదానికి 100కు మించి ఇయ్యరాదని నియమము.

పరికరమును గ్రుచ్చినతోడనే లోపల జరుగు వ్యవహారము చక్కనిది. మొదట దానికి 100 మిల్లీఆంపియర్లవరకు వాడుకొన ననుమతి యుండును. ఆ బలముతో అది తన పేరును, తనకు గరిష్ఠముగా కావలసిన విద్యుత్తును కంప్యూటరునకు విన్నవించుకొనును. కంప్యూటరు, తూమువద్ద నిలిచిన లస్కరువలె, ఆ కాలువలో మిగిలినదెంతయో చూచి, చాలినచో అనుమతించును, చాలనిచో నిలిపివేయును. అందుచేతనే యొక్కొక్కప్పుడు పెన్ డ్రైవు దీపము వెలుగుచున్నను తెరమీద దాని పేరు కానరాదు. మౌసు కోరునది 100 గాని అంతకు లోపుగాని యగుటచే దానికి అడ్డులేదు. పెన్ డ్రైవులలో అనేకము 200, 300, కొన్ని 500 కూడ కోరుచు తమ లోపల వ్రాసికొనియుండును. 100తో తృప్తిపడునవియు కొన్ని కలవు. "నా స్నేహితునిది పనిచేయుచున్నదే!" అని వాదించు పిల్లవానికి ఇదియే సమాధానము.

పెన్ డ్రైవున కంత విద్యుత్తేల? అందలి ఫ్లాష్ జ్ఞాపకము అతి సూక్ష్మములైన గదులలో విద్యుదావేశమును బంధించి యుంచుటచేత నిలుచును. ఆ గదులలో క్రొత్తగా వ్రాయుటకును, ఉన్నది చెరుపుటకును పదునైదు ఇరువది వోల్టుల యొత్తిడి కావలెను. దానిని ఆ చిన్న చిప్పు తనకు వచ్చిన కొద్ది వోల్టులనుండియే పెంచి తెచ్చుకొనును. కావున చదువుటకంటె వ్రాయుటకు శక్తి యెక్కువ పట్టును. పైగా, సీపీయూ పోర్టువద్ద ఒత్తిడి 4.75 వోల్టులకు తగ్గరాదని నియమముండగా, కీబోర్డువంటి హబ్బు చివర 4.40 వరకు తగ్గవచ్చును. లెక్క సరిగా చూడని యంత్రము పెన్ డ్రైవును లోనికి రానిచ్చినచో, అది తెరచుకొనును, చదువబడును, వ్రాయుచున్న నడుమ మాయమగును. మొదటనే అడ్డగించు యంత్రముకంటె ఇట్టి మెతక యంత్రమే యెక్కువ చేటు చేయును.

ఇట్టి చేటు ఎంతటిదో మా పదవతరగతి బాలిక విషయమున కన్నులార చూచితిని. ఆమె తన అమ్మమ్మచేత, కాలువ రాకమునుపు మన మెట్టలో జొన్న ఎట్లు పండించిరో, వేసవిలో నీటికై యెంత దూరము నడచిరో చెప్పించి, ఎరవుగా తెచ్చిన ఫోనులో ఏడు భాగములుగా రికార్డు చేసినది. వాని నన్నిటిని పెన్ డ్రైవున కెక్కించి, ఫోనును తుడిచి ఇచ్చివేసినది. ఆ సంక్రాంతికి ముసలమ్మ కాలధర్మము నొందినది. పిమ్మట నొకనాడు ఆ బాలిక పట్టణమునందలి యొక దుకాణములో పెన్ డ్రైవును కీబోర్డునకు తగిలించి, ఏడవ భాగములోని శబ్దమును సవరించి అదే పేరుతో భద్రపరచుచుండగా డ్రైవు కనబడకుండ పోయినది. మరల గ్రుచ్చగా, "ఫార్మాట్ చేయుదునా?" అని తెర యడిగినది. చేయుమని ప్రక్కవారు సలహా చెప్పిరట! ఆమె వినక దానిని పెరికి, మరునాడు ఏడ్చుచు నాయొద్దకు తెచ్చినది. సీపీయూ వెనుక పోర్టున పెట్టి, దోషములు సరిదిద్దు సాధనమును నడపగా, ఆరు భాగములు చక్కగా వినబడినవి. ఏడవది సగమువరకే పలికి ఆగిపోయినది. ఆ మిగిలిన సగమును చెప్పువారిక లేరు. "ఆరు దక్కినవి గదమ్మా" అంటిని. ఆమె తల యూపినది గాని మాటాడలేదు.

కావున విద్యార్థులు ఈ కొన్ని సంగతులు జ్ఞప్తియందుంచుకొనవలెను. పెన్ డ్రైవును సీపీయూ పోర్టునందే తగిలింపుడు; కీబోర్డు పోర్టును మౌసునకు విడువుడు. పోర్టులు చాలనిచో, గోడప్లగ్గునుండి సొంతముగా విద్యుత్తు తీసికొను హబ్బును వాడుడు. అది మోటారు పెట్టిన సొంత బావివంటిది. 2008లో వచ్చిన మూడవ కూర్పు ఒక భాగమును 150 మిల్లీఆంపియర్లకును, మొత్తమును 900కును పెంచినమాట నిజమే. అయినను పాతకూర్పు హబ్బుగల కీబోర్డునకు దానివలన లాభము లేదు. కొన్ని పాత కీబోర్డుల హబ్బులు సెకనుకు 12 మెగాబిట్ల వేగమునకు మించలేవు. 700 మెగాబైట్ల పాఠ్యచిత్రమును వానిగుండా పంపుటకు తక్కువలో తక్కువ ఎనిమిది నిమిషములు పట్టును. వ్రాత ముగిసినదని కంప్యూటరు చెప్పిన పిమ్మటనే డ్రైవును పెరుకుడు. ఫార్మాట్ చేయుదునా యని తెర యడిగినపుడు వలదని చెప్పి, చోటు మార్చి చూడుడు. అన్నిటికంటె ముఖ్యముగా, మరల దొరకని దానికి రెండవ ప్రతి వేరొక చోట నుంచుకొనుడు.

ఇరువది సంవత్సరములుగా పాఠములు చెప్పుచున్న నాకు ఇందొక బుద్ధియు కనబడుచున్నది. ఒక తరగతిలో నోరు మెదపని పిల్లవానిని మొద్దని నిర్ణయించుట మనకు సులభము. ఆ పిల్లవానికే ముందుబల్లపై చోటిచ్చి, ఉదయము కడుపున కింత అన్నము దొరకునట్లు చూచినచో, మూడు మాసములలో చదువు పట్టుబడుట నేను పలుమారులు చూచితిని. పనిచేయనిదానిని పారవేయుటకు ముందు, దానికి కావలసినంత అందుచున్నదా యని యొకమారు విచారింతము. యంత్రమునకు ఆ విచారణ యొక నిమిషపు పని. పిల్లవానికి కొంచె మెక్కువ కాలము పట్టును.