అమ్మ అరికాళ్లూ, ఆ 38 శాతమూ

నిన్న పొద్దున అమ్మ కొత్త వెయింగ్ మెషీన్ ఎక్కి దిగి ముఖం చిన్నబుచ్చుకుంది. ముందురోజు రాత్రి 36 శాతం చూపించిన కొవ్వు తెల్లారేసరికి 38 అయింది. "రాత్రి ఒక్క పుల్కానే కదరా తిన్నాను!" అంది.

ఒక్క రాత్రిలో అంత కొవ్వు పెరగదమ్మా అని కూర్చోబెట్టి చెప్పాను. ఆ మెషీన్‌కి కొవ్వు కనబడదు. మనకి తెలియనంత సన్నటి కరెంటు ఒక పాదంలోంచి ఎక్కి రెండో పాదంలోంచి దిగుతుంది. నీళ్లెక్కువున్న కండలోంచి సులువుగా పోతుంది, కొవ్వు దగ్గర అడ్డం తగులుతుంది. ఆ అడ్డాన్ని కొలిచి, మనం ఫోన్‌లో ఇచ్చిన వయసూ ఎత్తూ కలిపి ఒక అంకె లెక్కగడుతుంది. ఒంట్లో నీళ్లు తగ్గినా, అమ్మకిలా మడమలు పగిలి అరికాళ్లు ఎండిపోయినా కరెంటు సరిగా పోదు. అదంతా కొవ్వు ఖాతాలో పడుతుంది. (కాళ్లలోంచే తిరిగొస్తుంది కాబట్టి పొట్ట సంగతి దానికి పెద్దగా తెలీదు.)

అలాగని కొవ్వు శాతాన్ని వదిలెయ్యమనను. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పుణె డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్ డాక్టర్ యుడ్కిన్ తమ ఇద్దరి కొలతలే అచ్చువేశారు. ఎత్తుకి బరువెంతో చెప్పే బీఎంఐ ఇద్దరికీ 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. సన్నగా ఉన్నామని మనం ధీమాగా ఉండకూడదు.

ఇకనుంచి ఆదివారం మాత్రమే, లేచి బాత్రూంకి వెళ్లొచ్చాక, కాఫీకి ముందు ఎక్కమన్నాను. నెలకోసారి టేపుతో నడుం కొలుస్తాను. మన ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు హద్దు. పక్కింటి తాతయ్యగారికి పేస్‌మేకర్ ఉంది, ఆయన్ని మాత్రం ఈ కరెంటు మెషీన్ మీద ఎక్కించొద్దని గట్టిగా చెప్పాను.