సంవత్సరాంతపు చిట్టా

చిట్టా అంటే కిరాణాకొట్టు చిట్టా అనుకునేరు! ఏడాది పొడుగునా నన్ను సంతోషపెట్టిన ఆటగాళ్ళ పేర్లు ఎడమవైపు, ఏడిపించినవాళ్ళ పేర్లు కుడివైపు రాసుకునే నోటుపుస్తకం నాకొకటి వుంది. 1977లో మొదలుపెట్టాను. ఆ సెప్టెంబరు 24న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2 గా ఆట నిలబెట్టుకుంది. ఆ రెండు గోళ్ళలో ఒకటి కొట్టినవాడు మన హైదరాబాదు హబీబ్. మొదటి పేజీలో మొదటి పేరు ఆయనదే. అప్పుడు నాకు పధ్నాలుగేళ్ళు. అక్షరాలు ఇప్పటికంటే గుండ్రంగా వున్నాయి.

2024 డిసెంబరు 29 రాత్రి ఆ పుస్తకాన్ని సంచీలో పడేసుకుని బెజవాడలో రైలెక్కాను. ఎందుకో చెబితే మా ఆవిడ నమ్మలేదు.

“ముప్ఫయ్యొకటో తారీఖు రాత్రి ఊళ్ళోవాళ్ళంతా కేకులు కోసుకుంటుంటే, మీరు బంతాట చూడ్డానికి వెడుతున్నారా?” అంది.

అవును, సరిగ్గా అందుకే. సంతోష్ ట్రోఫీ ఫైనలు ఆ రాత్రే గచ్చిబౌలిలో. 1941 నుంచి మన దేశంలో రాష్ట్రాల జట్ల మధ్య జరుగుతూ వచ్చిన ఫుట్‌బాలు పోటీ అది. హైదరాబాదు జట్టు 1956-57 లోనూ, 1957-58 లోనూ వరసగా రెండుసార్లు గెలిచిన కప్పు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మరోసారి వచ్చింది. అంతే, ఆ తరువాత మన గుమ్మం తొక్కలేదు. ఈసారి పోటీలు హైదరాబాదులోనే జరిగినా తెలంగాణ జట్టు మొదటి విడతలోనే ఆగిపోయింది. ఫైనలుకు మిగిలినవాళ్ళు బెంగాలు, కేరళ. పెళ్ళివారు ఇద్దరూ పైవాళ్ళే. అయితేనేం, పందిరి మన వాకిట్లో వేశారు గదా, చూసి వద్దామని బయలుదేరాను.

చీకటితోనే మెలకువ వచ్చింది. రైలు వరంగల్లులో ఆగివుంది. వేడివేడి టీ తెప్పించుకుని పుస్తకం తీశాను, ఆ ఏటి పేజీలో ఆ ఊరి చుట్టుపక్కలవాళ్ళే ఇద్దరున్నారని గుర్తొచ్చి. ఒకడు చదరంగం ఆడే అర్జున్ ఎరిగైసి. సెప్టెంబరులో బుడాపెస్టు ఒలింపియాడ్‌లో మన మగవాళ్ళ జట్టూ ఆడవాళ్ళ జట్టూ రెండూ బంగారు పతకాలు తెచ్చాయి. మగవాళ్ళలో మూడో బల్లమీద కూర్చున్న అర్జున్ తనకంటూ మరో బంగారం తెచ్చుకున్నాడు. ఆడవాళ్ళ జట్టులో మన గుంటూరు హారిక వుంది. ఇంకో పేరు దీప్తి జీవాంజి. పర్వతగిరి దగ్గర కల్లెడ ఆమె స్వగ్రామం. బుద్ధి ఎదుగుదల నెమ్మది అని చిన్నప్పుడు ఇరుగుపొరుగు నోటికొచ్చిన పేర్లు పెట్టి పిలిచారట. ఆ అమ్మాయే మే నెలలో కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు బద్దలు కొట్టింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం పట్టుకొచ్చింది. ఆ పేరు రాసినప్పుడు నా కలం కాస్త గట్టిగా నొక్కినట్టుంది, వెనక పేజీకి అచ్చు పడింది.

కుడివైపు సింధు, నిఖత్ జరీన్ వున్నారు. ఇద్దరూ పారిస్ నుంచి ఉత్త చేతులతో వచ్చారు. అది వాళ్ళ తప్పనను. పాతికేళ్ళు నిండని పిల్లలూ నిండిన పిల్లలూ మనకోసం ఓడిపోవడానికి కూడా సిద్ధపడి వెడతారు; మనం సోఫాలో కూర్చుని కుడివైపు రాసుకుంటాం.

సికిందరాబాదులో మా అక్కగారిల్లు. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి మా బావ టీవీ ముందు వున్నాడు. ఆయన శుద్ధ క్రికెట్టు మనిషి. మెల్‌బోర్న్ టెస్టు అయిదో రోజు జరుగుతోంది.

“రావోయ్, రా! ఇవాళ డ్రా ఖాయం,” అన్నాడు.

మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి ఖాయమంతా కరిగిపోయింది. మూడు వికెట్లకు 121 పరుగులున్న జట్టు 155కే పడిపోయింది. 184 పరుగుల ఓటమి. బావ పప్పులో నెయ్యి వేసుకోవడం కూడా మరిచిపోయాడు.

“పోనీలే బావా, మొన్న 28న మాత్రం మనవాడు నూరు కొట్టాడు గదా!” అన్నాను.

ఆ మాటతో ఆయన మొహం వికసించింది. విశాఖపట్నం కుర్రాడు నితీష్ కుమార్ రెడ్డి 99 దగ్గర వుండగా బుమ్రా అవుటయ్యాడు. చివరాఖరు మనిషిగా మన హైదరాబాదు సిరాజ్ బ్యాటు పుచ్చుకుని దిగాడు. కమిన్స్ వేసిన మూడు బంతులు ఎలాగో ఆపాడు. తరువాతి ఓవర్లో నితీష్ బోలండ్ బంతిని బౌండరీకి తోలి నూరు పూర్తిచేశాడు. పైన కూర్చున్న తండ్రి కళ్ళనీళ్ళు పెట్టుకోవడం దేశమంతా చూసింది. మా బావ మాత్రం నూరును వదిలేసి ఆ మూడు బంతులనే మళ్ళీ మళ్ళీ వర్ణించాడు. ఆ విషయంలో ఆయన అభిరుచిని మెచ్చుకోక తప్పదు.

మెల్‌బోర్న్ పేరు వింటే నాకు మాత్రం వేరే సంగతి గుర్తుకొస్తుంది. 1956 ఒలింపిక్స్ అక్కడే. మన ఫుట్‌బాలు జట్టు ఆస్ట్రేలియాను 4-2 గా ఓడించి నాలుగో స్థానం దాకా వెళ్ళింది. ఆ జట్టుకు గురువు హైదరాబాదు రహీం సాహెబు. ఆ జట్టులోనే ఇరవై ఏళ్ళ తులసీదాస్ బలరాం వున్నాడు. మా నాన్నగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే రోజుల్లో బలరాం ఆట చూసినవారు. మాకు కథలు చెప్పమంటే రాముడి కథా, బలరాం కథా రెండే చెప్పేవారు.

“రహీం అంటే సినిమా తీశారు, ఆయనేనా?” అన్నాడు బావ. 2024 ఏప్రిల్‌లో హిందీలో వచ్చిన ‘మైదాన్’ ఆయన చూశాడు. సినిమా రావడం మంచిదే అయింది. లేకపోతే ఆ మాత్రమైనా అడిగేవాడు గాడు.

మర్నాడు పొద్దున్నే లోకలు బండెక్కి అమ్ముగూడలో దిగాను. సికిందరాబాదు నుంచి బొలారం వెళ్ళే దారిలో చిన్న స్టేషను; పక్కనంతా మిలిటరీవాళ్ళ గోడలు, వేపచెట్లు. బలరాం పుట్టిపెరిగింది ఇక్కడే. పేదింటి పిల్లవాడు. ఇక్కణ్ణించి నగరం మైదానానికి రానూ పోనూ ఖర్చు పెట్టుకోలేకపోతే, అద్దె సైకిలుకని రహీం సాహెబు తన జేబులోంచి రోజూ రూపాయి ఇచ్చేవారని చెబుతారు. ఆ రూపాయి సైకిలు తొక్కుకుంటూ మెల్‌బోర్న్ దాకా వెళ్ళినవాడు బలరాం.

అద్దె సైకిళ్ళ కొట్టు ఏమైనా మిగిలిందేమోనని వెతికాను. పంక్చర్లు వేసే దుకాణం ఒకటి కనిపించింది. అదీ మోటారు సైకిళ్ళకు. టీ కొట్టు కుర్రవాణ్ణి అడిగాను.

“ఇక్కడ బలరాం అని ఒకాయన వుండేవారు, వాళ్ళిల్లు తెలుసా బాబూ?”

“ఏ బలరాం సార్? ప్లంబర్ బలరామా? గా గల్లీల మూడో ఇల్లు.”

నవ్వొచ్చింది, నవ్వలేకపోయాను. బలరాం 1957లో ఈస్ట్ బెంగాలు జట్టులో చేరడానికి కలకత్తా వెళ్ళాడు. ఆరోగ్యం దెబ్బతిని ముప్ఫై ఏళ్ళయినా నిండకుండానే ఆట మానాల్సివచ్చింది. ఆటయితే మానాడు గాని ఇంటికి రాలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలోనే వుండిపోయి, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు. టీ కొట్టు కుర్రవాడికి తెలియకపోవడంలో వింతేముంది? ఉత్తరపాడాలో టీ కొట్టు కుర్రవాణ్ణి అడిగివుంటే చెప్పేవాడేమో!

అక్కణ్ణించి ఫతే మైదానం. గోలకొండ ముట్టడిలో ఔరంగజేబు సేనలు డేరాలు వేసిన చోటనీ, 1687లో కోట పడ్డాక విజయానికి గుర్తుగా ఆ పేరు వచ్చిందనీ అంటారు. 1967 నుంచి లాల్‌బహదూర్ స్టేడియం. ఇప్పుడు దాని చుట్టూ ఆటసామాన్ల కొట్లు, జెర్సీలు వేలాడుతూ. ఒక కొట్లో అర్జెంటీనా మెస్సీ చొక్కా వుంది, పోర్చుగల్ రొనాల్డో చొక్కా వుంది. హైదరాబాదు సిటీ పోలీసు జట్టుది వుందా అని అడగబోయి మానుకున్నాను. రహీం సాహెబు తీర్చిదిద్దిన ఆ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పును వరసగా అయిదుసార్లు పట్టుకొచ్చింది. బడిపంతులుగా బతుకు మొదలుపెట్టిన ఆ మనిషి 1951లో ఢిల్లీలోనూ 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల్లో మనకు ఫుట్‌బాలు బంగారం తెచ్చిపెట్టాడు. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. ఆనాటికే ఆయనకు క్యాన్సరు. తొమ్మిది నెలలు గడవగానే, 1963 జూన్‌లో పోయాడు. మన దేశం ఆసియా క్రీడల్లో ఫుట్‌బాలు బంగారం మళ్ళీ చూడలేదు.

గేటు దగ్గర కాసేపు నుంచున్నాను. లోపల పదిమంది పిల్లలు బంతి తన్నుకుంటున్నారు. ఒక బక్కపలచటి కుర్రాడు ఎడమకాలితో బంతిని ఇద్దరి మధ్యనుంచి దాటించాడు. వాడి పేరడుగుదామనుకునే లోపల వాళ్ళమ్మ వచ్చి ట్యూషన్‌కు లాక్కుపోయింది.

సాయంత్రం అసెంబ్లీ దగ్గర మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి, ఆటోలో గచ్చిబౌలి చేరాను. 2002 జాతీయ క్రీడలకని కట్టిన స్టేడియం అది. బాలయోగిగారి పేరు పెట్టారు. చుట్టూ అద్దాల మేడలు, వాటి నిండా దీపాలు, నూతన సంవత్సరపు పాటల మోత. 2019లో వెలిసిన హైదరాబాద్ ఎఫ్.సి. కి ఇదే సొంత మైదానం. ఆ జట్టు 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. గోలీ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ రాత్రి మా ఇంట్లో పాయసం. అయితే చిత్రమేమంటే, కోవిడ్ మూలంగా ఆ ఏటి ఆటలన్నీ గోవాలోనే జరిగాయి. హైదరాబాదు గెలిచిన రోజు హైదరాబాదు మైదానం చీకట్లో వుంది. రెండేళ్ళు తిరక్కుండానే ఆ జట్టు అప్పులపాలై పట్టికలో అట్టడుక్కి జారింది. చేతులు మారింది. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. ఆ రాత్రి నేను గ్యాలరీలో కూర్చునేటప్పటికి ఆ సంగతి ఇంకా జరగలేదు. తెలిసివుంటే కుర్చీని కాస్త నిమిరి కూర్చునేవాణ్ణేమో.

ఇక చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఎవరి పక్షాన వుండాలి? వెనక వరసలో మలయాళీ కుర్రాళ్ళు గొంతులు చించుకుంటున్నారు. ఐ.టి. ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు. వాళ్ళ ఉత్సాహం ముచ్చటగా వుంది. సెమీఫైనల్లో కేరళ మణిపూరును 5-1 గా చితకగొట్టింది కూడాను. అయినా నా మనసు నాకు చెప్పకుండానే బెంగాలువైపు వెళ్ళి కూర్చుంది. ఎందుకని ఆలోచించాను. మనవాళ్ళను తీసుకుపోయారని మా నాన్నగారికి కలకత్తామీద జీవితాంతం కోపం. బలరాం, హబీబ్, అక్బర్, నయీముద్దీన్, షబ్బీర్ అలీ, అమల్‌రాజ్… హైదరాబాదు పెంచింది, కలకత్తా అనుభవించింది అనేవారు. నేనూ చాలాకాలం అలాగే అన్నాను. కాని అమ్ముగూడలో ఆ పొద్దున్న టీ తాగాక ఆ కోపం ఎవరిమీద పెట్టుకోవాలో తెలియకుండా పోయింది.

ఆట గొప్పగా లేదు. రెండు జట్లూ ఓడిపోకూడదనే ఆడాయి. తొంభై నిమిషాలు గడిచినా గోలు లేదు. అదనపు సమయం తప్పదని జనం వాచీలు చూసుకుంటున్నారు. కొందరు పన్నెండు గంటల సంబరానికని లేచి వెళ్ళిపోయారు కూడా. ఆట ఆగిన సమయానికి బదులుగా ఇచ్చిన నిమిషాలు దొర్లుతున్నాయి. బంతి కేరళ గోలు ముందుకు వచ్చింది. ఎర్రగా మెరిసిన జనం, ఒక్క క్షణం నిశ్శబ్దం. రబి హాన్స్‌దా దాన్ని వలలోకి కొట్టాడు. ఆ పోటీలో అతనికి అది పన్నెండో గోలు. బెంగాలుకు అది ముప్ఫైమూడో కప్పు.

నేను లేచి నుంచుని అరిచాను. అరుపు ఆగాక వెనక చూస్తే మలయాళీ కుర్రాళ్ళు తలలు పట్టుకుని కూర్చున్నారు. అందులో ఒకడు మర్యాదగానే అడిగాడు:

“అంకుల్, ఆప్ బెంగాలీ హై?”

“నహీ బేటా, ఇధర్ కా హూఁ,” అన్నాను. అతనికి అర్థం కాలేదు. బలరాం గురించి చెప్పబోయాను గాని, ఆ సమయంలో ఓడినవాడికి పాతకథలు చెప్పడం భావ్యం కాదని ఊరుకున్నాను. పైగా తొంభై నాలుగో నిమిషంలో ఓడిపోవడమంటే ఏమిటో నాకూ తెలుసు.

ఆటో దొరికేసరికి చాలా సేపయింది. దారిపొడుగునా కుర్రకారు బళ్ళమీద కేకలు. మధ్యలో పోలీసువారి బారికేడ్లు, నోట్లో గొట్టం పెట్టి ఊదమనే తనిఖీలు. డ్రైవరు వెనక్కి తిరిగాడు.

“మ్యాచి ఎవరు గెలిచిన్రు సార్?”

“బెంగాలు.”

“మరి మనోళ్ళు?”

“మనవాళ్ళు గెలిచారు గాని, చాలా కాలమైంది.”

అతను తల ఊపి రేడియో గొంతు పెంచాడు. ఆకాశంలో ఒక్కసారిగా టపాసులు పేలాయి. ఆ వెలుతురులో పుస్తకం తీసి, రబి హాన్స్‌దా అని రాయబోయి ఆగాను. పన్నెండు దాటింది. గోలేమో పాత ఏడాదిలో కొట్టాడు, నేను రాసేదేమో కొత్త ఏడాదిలో. ఏ పేజీలో వెయ్యాలో తేల్చుకునేలోపల ఆటో మా అక్కగారి వీధి మలుపు దాటిపోయింది. వెనక్కి తిప్పినందుకు అతను ఇరవై రూపాయలు ఎక్కువ పుచ్చుకున్నాడు.